ఫాక్స్‌టెయిల్ పామ్ చెట్ల పచ్చని మట్టలు నరకవద్దు

సంపాదకులకు నమస్కారం.

దసరా ముందు మా పక్క పట్టణంలో ప్రధాన రహదారి డివైడర్ మీద ఉన్న ఫాక్స్‌టెయిల్ పామ్ చెట్లన్నిటికీ మట్టలు నరికారు. ఎండినవాటితో పాటు నిక్షేపంగా ఉన్న పచ్చని మట్టలనూ కొట్టేశారు. ఒక్కో చెట్టుకు నిటారుగా నిలిచిన రెండు మూడు మట్టలు, వాటి మధ్య ఇంకా విచ్చుకోని మొవ్వాకు మాత్రమే మిగిలాయి. నరికిన మట్టలు ట్రాక్టర్లలో ఊరి బయటికి వెళ్లాయి. పండక్కి రోడ్డు శుభ్రమైందని అందరూ మెచ్చుకున్నారు.

మాది కడియం మండలం. మా మామగారు మొదలుపెట్టిన చిన్న నర్సరీని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. గులాబీలు, క్రోటన్లు ఉన్నా మాకు కూడుపెట్టేది పామ్ మొక్కలే. గింజ నాటడం దగ్గర నుంచి లారీ ఎక్కించడం వరకు ప్రతి పనీ నా చేతుల మీదుగా జరుగుతుంది. ఆ డివైడర్ మీది చెట్లు మా నర్సరీవి కావు. అయినా, ఒక గింజ మొలిచి మనిషి ఎత్తు చెట్టు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసినదాన్ని కాబట్టి చూసి ఊరుకోలేకపోయాను. మన రెండు రాష్ట్రాల్లోనూ కొత్త లేఅవుట్లు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు, రోడ్ల మధ్య ఈ చెట్టు కనిపించని చోటు లేదు. దాని గురించి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఈ ఉత్తరం ఉద్యాన విభాగాల అధికారులు, కాంట్రాక్టర్లు, అపార్ట్‌మెంట్ సంఘాల వారు చదవాలని నా కోరిక.

మట్ట కొట్టాలా వద్దా అన్నది చెట్టును బట్టి ఉంటుంది. తాడి, ఈత చెట్లకు ఎండిన ఆకులు వాటంతట అవి త్వరగా రాలవు, మానును పట్టుకుని వేలాడుతూనే ఉంటాయి. వాటికి ఎండిన ఆకులు కోయడం అవసరమే. పోకచెట్టును చూడండి. మానుకు పైన, మట్టలకు కింద, నున్నటి పచ్చని గొట్టంలాంటి భాగం ఉంటుంది. మట్టల మొదళ్లు ఒకదాని మీద ఒకటి బిగుతుగా చుట్టుకుని అలా ఏర్పడతాయి. అన్నిటికన్నా కింది మట్టకు కాలం తీరినప్పుడు దాని మొదలు గొట్టం నుంచి విడిపోయి, మట్ట మొత్తం ఒక్కసారిగా ఊడి పడుతుంది. మాను మీద గుండ్రటి గీత ఒక్కటే మిగులుతుంది. ఫాక్స్‌టెయిల్ పామ్, రాయల్ పామ్, బాటిల్ పామ్ అన్నీ ఈ తీరువే. ఆ పచ్చని గొట్టం కనిపిస్తే ఆ చెట్టుకు కత్తితో పని లేదని గుర్తుపెట్టుకుంటే చాలు. ఊడి కిందపడిన మట్టను తీసుకెళ్లడం ఒక్కటే మనిషి చేయాల్సింది.

ఇక ఈ గొట్టం ఉన్న చెట్లలో ఏది ఏదో గుర్తుపట్టాలి. మా దగ్గరికి వచ్చేవారు ఎక్కువగా తికమకపడేది ఫాక్స్‌టెయిల్‌కు, రాయల్‌కు మధ్య. రెండింటి మట్టలూ దూరానికి గుబురుగానే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి ఒక్క ఆకు చేతిలోకి తీసుకోండి. ఫాక్స్‌టెయిల్ ఆకు చివర ఎవరో కొరికినట్టు, చేప తోకలా తెగి ఉంటుంది. రాయల్ ఆకు చివర సన్నగా మొన తేలి ఉంటుంది. ఫాక్స్‌టెయిల్ మట్టలో ఆకులు నడిమి దండు చుట్టూ అన్ని వైపులకూ పుట్టి నక్కతోకలా ఒత్తుగా ఉంటాయి. ఆ చెట్టుకు పేరు తెచ్చింది అదే. కాయలు కాసే వయసు వస్తే సందేహమే ఉండదు. ఫాక్స్‌టెయిల్ పండు సుమారు 5 సెంటీమీటర్ల పొడవుండి నారింజ ఎరుపు రంగులో గెలలుగా వేలాడుతుంది. గుజ్జు తీస్తే గింజ మీద చీలికలు చీలికలుగా నల్లటి పీచు కనిపిస్తుంది. రాయల్ పామ్ కాయ ఒక సెంటీమీటరు దాటితే గొప్ప, పండితే ముదురు ఊదా రంగు. రాయల్ మాను సిమెంటు స్తంభంలా తెల్లగా, లావుగా, నడుమ ఉబ్బి ఉంటుంది. ఫాక్స్‌టెయిల్ మాను సన్నన, బూడిద రంగు, గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి.

చేప తోక ఆకు అనగానే మన్యం వారికి జీలుగ చెట్టు గుర్తొస్తుంది. దాన్ని కూడా తోటల్లో నాటుతున్నారు. జీలుగ మట్ట మళ్లీ కొమ్మలుగా చీలి, ఆ కొమ్మలకు ఆకులు ఉంటాయి. పామ్ చెట్లలో అలాంటి మట్ట అరుదు. జీలుగకు ఆ నున్నటి పచ్చ గొట్టం కూడా ఉండదు. ఇంకో సంగతి, జీలుగ పైనుంచి కిందికి వరసగా పూత గెలలు వేసి, ఆ తర్వాత చచ్చిపోతుంది. అది చెట్టు స్వభావం. ఆ సంగతి తెలియక, తెగులు వచ్చిందనుకుని మందులు కొట్టించినవారు ఉన్నారు.

గుర్తుపట్టడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి బాటిల్ పామ్ ఒక్కటి చాలు. అసలు బాటిల్ పామ్ మారిషస్ దగ్గర రౌండ్ ఐలండ్ అనే చిన్న దీవి చెట్టు. మొదలు బాగా ఉబ్బి, పైన సన్నబడి, ఎత్తు పెరగకుండా నెమ్మదిగా ఉండిపోతుంది. సొంత దీవిలో అది అంతరించే దశకు చేరింది. మన ఊళ్లలో చిన్న వయసు రాయల్ పామ్‌ను కూడా బాటిల్ పామ్ అనే అమ్ముతున్నారు. లేత వయసులో దాని మొదలు కూడా ఉబ్బి ఉంటుంది కాబట్టి కొనేవారు నమ్ముతారు. ఇంటి గేటుకు అటూ ఇటూ చెరొకటి నాటుకుంటారు. రాయల్ పామ్ క్యూబా దేశపు జాతీయ వృక్షం, 20 మీటర్లు దాటే చెట్టు. పెరిగాక దాని మట్ట ఒక్కటే 3 నుంచి 4 మీటర్ల పొడవు, 20 కిలోల దాకా బరువు. అది తనంతట తాను ఊడిపడే చెట్టని ముందే చెప్పాను. కింద నిలిపిన కారు అద్దం మీదో, ఆడుకునే పిల్లల మీదో పడితే ఏమవుతుంది? అప్పుడు భయపడి ఏటా పచ్చని మట్టలు కొట్టించడం మొదలుపెడతారు. విశాలమైన ప్రాంగణంలో, దారికి దూరంగా నాటితే రాయల్ పామ్ అంత గంభీరమైన చెట్టు మరొకటి ఉండదు. ఇరుకు సందులో అది ఉండకూడదు. నర్సరీలు సరైన పేరు, పెరిగే ఎత్తు రాసిన చీటీ మొక్కకు కట్టి అమ్మాలని మా తోటి నర్సరీ రైతులకు కూడా ఈ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఫాక్స్‌టెయిల్ పుట్టిల్లు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఉన్న కేప్ మెల్విల్. ప్రపంచంలో మరెక్కడా అడవిలో సహజంగా పెరగదు. అక్కడి ఆదివాసులకు తప్ప 1970ల చివరి వరకు శాస్త్రవేత్తలకు ఈ చెట్టు ఉన్నట్టే తెలియదు. 1983లో దానికి వొడియెటియా బైఫర్కాటా అని శాస్త్రీయ నామం పెట్టారు. మొదటి మాట 1978లో చనిపోయిన వొడియెటి అనే ఆదివాసి పెద్దాయన పేరు. ఆ ప్రాంతపు చెట్లను గురించి తన వంశపు తెలివిడి మోసిన ఆఖరి మనిషి ఆయన. ఇన్ని నర్సరీల్లో ఇన్ని లక్షల మొక్కలుగా మారిన చెట్టుకు ఒక ఆదివాసి పేరు నిలిచి ఉండటం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. పేరు బయటికి వచ్చాక 1990లలో దొంగలు ఆ అడవిలోకి వెళ్లి గింజలు ఎత్తుకెళ్లారు. ఇప్పుడు ఆ అవసరం ఎవరికీ లేదు. మన గోదావరి గట్టు తోటల్లోనే కావలసినన్ని కాయలు కాస్తున్నాయి. బాగా ఎర్రబడిన పండు గుజ్జు తీసి వెంటనే నాటితే రెండు మూడు నెలల్లో మొలక మొదలవుతుంది. కొన్ని గింజలు ఇంకా చాలాకాలం ఆగి మొలుస్తాయి. ఓపిక లేనివారు ఈ పని చేయలేరు.

పుట్టింటి సంగతి ఊరికే చెప్పలేదు. కేప్ మెల్విల్ అంతా గ్రానైటు బండలు. హైదరాబాద్ చుట్టూ గుట్టల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే బండలు చూశారు కదా, అటువంటివే. ఆ రాళ్ల సందుల్లోని గరుకు ఇసుకలో ఈ చెట్టు పెరుగుతుంది. వాన కురుస్తుంది, నీళ్లు వెంటనే దిగిపోతాయి. ఆ తర్వాత నెలల తరబడి ఎండ. కాబట్టి ఫాక్స్‌టెయిల్ వేరూనుకున్నాక నీటి ఎద్దడిని తట్టుకుంటుంది, మొదలు దగ్గర నీరు నిలిస్తే మాత్రం తట్టుకోదు. తెలంగాణ ఎర్ర నేలలు దీనికి బాగా సరిపోతాయి. నల్లరేగడిలో నాటేవారు గుంత తవ్వి అందులో పెట్టకుండా, ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టితో ఎత్తు చేసి దాని మీద నాటాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కింది మట్టలు పసుపు రంగుకు తిరిగి అందవికారంగా కనిపించడం వల్లనే వాటిని కొడుతున్నామని పనివాళ్లు చెబుతారు. నిజమే, డివైడర్ల మీద చాలా ఫాక్స్‌టెయిల్ చెట్లకు కింది మట్టల మీద పసుపు, నారింజ రంగు చుక్కలు, ఎండిన ఆకు చివరలు కనిపిస్తాయి. దాన్ని వయసు మీరిన మట్ట అనుకుంటారు. చాలావరకు అది పొటాష్ లోపం. ఫాక్స్‌టెయిల్ ఈ లోపానికి త్వరగా లొంగే చెట్టు. నేలలో పొటాష్ చాలనప్పుడు చెట్టు పాత మట్టలో ఉన్న పొటాష్‌ను వెనక్కి లాగి కొత్తగా వచ్చే మట్టకు పంపిస్తుంది. పాత మట్ట పాలిపోయేది అందుకే. ఆ మట్టను మనం నరికేస్తే, చెట్టు దాని పై మట్ట నుంచి లాగడం మొదలుపెడుతుంది. అదీ పసుపు తిరుగుతుంది. దాన్నీ నరుకుతారు. ఇలా కిందినుంచి పైకి ఒక్కో వరసా పోయి, ఆరోగ్యంగా ఉంటే 8 నుంచి 10 మట్టలు మోయాల్సిన చెట్టు చివరికి మూడింటితో నిలబడుతుంది. ఆకు తగ్గితే ఆహారం తగ్గుతుంది. కొత్తగా ఏర్పడే మాను సన్నబడుతుంది. వేప, మామిడి ఏటా కొత్త పొర వేసుకుని లావెక్కుతాయి. పామ్ చెట్టులో ఆ పొర లేదు. సన్నబడిన చోట మాను చెట్టు బతికినంత కాలం అలాగే ఉంటుంది, పెనుగాలికి అక్కడే విరుగుతుంది.

కొన్ని చోట్ల ఆకులు పచ్చబడటానికని యూరియా, డీఏపీ చల్లుతున్నారు. వాటిలో పొటాష్ లేదు. పొటాష్ కొరత ఉన్నచోట నత్రజని ఒక్కటే ఇస్తే చెట్టు ఇంకా త్వరగా పెరగబోయి ఉన్న పొటాష్‌ను కూడా ఖర్చు చేసుకుంటుంది, లోపం ముదురుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పామ్ చెట్లకు సిఫారసు చేసే ఎరువులో నత్రజని 8 పాళ్లు, భాస్వరం 2, పొటాష్ 12, మెగ్నీషియం 4 పాళ్లు ఉంటాయి. నత్రజనిని మించి పొటాష్ ఉందని గమనించండి. అచ్చంగా ఆ ఎరువే దొరకాలని లేదు. పొటాష్, దానికి తోడు మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వవచ్చు. వానకు, తడికి పొటాష్ కొట్టుకుపోతుంది కాబట్టి ఏడాదికి ఒకసారి కుప్పగా పోసే బదులు తక్కువ మోతాదుల్లో నాలుగైదు దఫాలు, మట్టల నీడ పడినంత మేర చల్లాలి. ఇచ్చిన వెంటనే చుక్కలు పోవు. పాలిపోయిన మట్ట మళ్లీ పచ్చబడదు. కొత్త మట్టలు ఆరోగ్యంగా వచ్చి చెట్టంతా నిండడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆ పసుపు మట్టలను భరించండి. పూర్తిగా గోధుమ రంగుకు మారి ఎండిన మట్ట ఒక్కటే తీయదగినది, అదీ చేత్తో లాగితే వచ్చేస్తుంది.

కొత్త ఆకుల్లో కనిపించే జబ్బు వేరు. మొవ్వులోంచి వచ్చే లేత మట్టలు పొట్టిగా, ముడుచుకుని, మాడినట్టు వస్తుంటే అది సాధారణంగా మాంగనీస్ లోపం. డివైడర్లలో ఇది ఎక్కువ కావడానికి కారణం అక్కడి నేల. రోడ్డు వేసినప్పుడు మిగిలిన కాంక్రీటు ముక్కలు, సిమెంటు, కంకర అడుగున వదిలేసి పైన జానెడు ఎర్రమట్టి పోస్తారు. సిమెంటులోని సున్నం వల్ల నేల క్షారంగా మారి, ఉన్న మాంగనీస్ కూడా వేరుకు అందదు. అలాంటి చోట మాంగనీస్ సల్ఫేట్ వేయాలి. ఆలస్యం చేస్తే మొవ్వే చచ్చిపోతుంది. ఈ చెట్టుకు ఉన్నది ఒకే ఒక్క మొవ్వు. అది పోతే పక్కనుంచి చిగురు రాదు, చెట్టు అంతటితో సరి. లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా వస్తే ఇనుము లోపం. చాలాసార్లు దాని అసలు కారణం లోతుగా నాటడమో, మొదలు దగ్గర నీరు నిలవడమో.

లోతుగా నాటడం గురించి గట్టిగా చెప్పాలి. పెద్ద చెట్టు గాలికి పడిపోతుందని మొదలును అడుగు లోతున పూడ్చేస్తున్నారు. పామ్ వేర్లు మాను మొదట్లోంచి పుడతాయి. వాటికి గాలి కావాలి. నర్సరీ నుంచి వచ్చిన మట్టి ముద్ద పైభాగం నేలకు సమానంగా ఉండాలి, అంతకన్నా కిందికి వెళ్లకూడదు. పడిపోకుండా మూడు కర్రలు ఊతం పెట్టండి. కానీ మానుకు మేకు కొట్టవద్దు. మానుకు గోనెపట్ట చుట్టి, దాని మీద చెక్కలు బిగించి, ఊతకర్రలను ఆ చెక్కలకు కొట్టాలి. లారీలో గాలికి విరగకుండా మేము కింది మట్టలు కొన్ని తీసి, మిగతావి పైకి మడిచి కట్టి పంపుతాం. నాటాక కొద్ది వారాలకు ఆ కట్టు విప్పాలి. కట్టు కుళ్లి ఊడేదాకా అలాగే వదిలేసిన చెట్లను ఎన్నో చూశాను.

మేకుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పామ్ మానుకు గాయమైతే మానదు. వేపచెట్టుకు తగిలిన గొడ్డలి దెబ్బ చుట్టూ బెరడు పెరిగి మూసుకుంటుంది, వీటికి ఆ శక్తి లేదు. ఫ్లెక్సీ కట్టడానికి కొట్టిన మేకు రంధ్రం, సీరియల్ లైట్ల తీగ బిగించడానికి పడిన స్టేపుల్ గుచ్చు, గడ్డి కోసే యంత్రం మొదలు దగ్గర చెక్కిన గాటు, అన్నీ శాశ్వతం. వాటిలోంచి నీరు, బూజు లోపలికి దిగుతాయి. మన కొబ్బరి రైతుల్ని ఏడిపించే గానోడెర్మా శిలీంధ్రం ఈ అలంకరణ చెట్లను కూడా మొదలు దగ్గర కుళ్లబెడుతుంది. పచ్చని మట్ట నరికినప్పుడు వచ్చే వాసనకు ఎర్రముక్కు పురుగు వెతుక్కుంటూ వస్తుంది. కోనసీమలో ఏ కొబ్బరి రైతును అడిగినా ఈ మాట చెబుతాడు. ఒక చెట్టుకు వాడిన కత్తిని శుభ్రం చేయకుండా పక్క చెట్టుకు వాడితే తెగులు కూడా దాంతో వెళ్లగలదు.

ఆకుల మీద మసి పట్టిందని మట్టలు కొట్టేవారు కూడా ఉన్నారు. అది 2016లో మన దేశంలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ పని. ఆ దోమ విసర్జించే తీపి జిగురు మీద నల్లబూజు పెరుగుతుంది. ఒత్తిడితో నీళ్లు ఆకుల అడుగుభాగానికి కొడితే చాలా వరకు పోతుంది. విచక్షణ లేకుండా పురుగుమందు కొడితే ఆ దోమను తినే మిత్ర పురుగులు చస్తాయి.

పామ్ మొక్కలు అమ్ముకుని బతికే నేను చెబితే వింతగా ఉండవచ్చు, అయినా చెబుతాను. బస్సు కోసం జనం ఎండలో నిలబడే చోట పామ్ నాటవద్దు. అక్కడ కానుగ, వేప నాటండి. ఫాక్స్‌టెయిల్ ఇచ్చే నీడ మనిషికి సరిపోదు. మా దగ్గరికి వచ్చి రోడ్డు పక్క కాలిబాటకు పామ్ అడిగినవారికి కానుగ మొక్కలు ఇచ్చి పంపిన సందర్భాలు ఉన్నాయి. పామ్‌కు తగిన చోట్లు వేరే ఉన్నాయి. కనీసం రెండు మీటర్ల వెడల్పు మట్టి ఉన్న డివైడర్, పార్కు గడ్డి మైదానం, భవనానికి మూడు నాలుగు మీటర్ల ఎడంగా ఉన్న ఆవరణ, పైన కరెంటు తీగలు లేని జాగా. అక్కడ పూర్తి ఎండలో, చెట్టుకూ చెట్టుకూ దూరమిచ్చి పెంచండి. సాయంత్రపు గాలికి నిండు మట్టలన్నీ ఒక్కసారి కదిలినప్పుడు ఆ చెట్టు ఎంత అందగత్తెనో అప్పుడు తెలుస్తుంది. మూడు మట్టల చెట్టులో ఆ అందం ఎవరూ చూడలేరు.

అధికారులను నేను కోరేది డబ్బుతో కూడుకున్న పని కాదు. నిర్వహణ టెండరులో మట్టల కత్తిరింపునకు చెట్టుకు ఇంత అని రేటు పెడుతున్నారు. ఎన్ని ఎక్కువ చెట్లకు కొడితే అంత బిల్లు. ఆ పద్దు తీసేసి, అదే డబ్బును పొటాష్, మెగ్నీషియం, మాంగనీస్ ఎరువులకు, మొదలు దగ్గర కంకర తీసి మట్టి మార్చడానికి పెట్టండి. పచ్చని మట్ట కోస్తే కాంట్రాక్టరుకు జరిమానా అని ఒక షరతు రాయండి. నాటిన రోజే ఒక అధికారి వచ్చి లోతు చూసి సంతకం చేయాలని మరొకటి. పనివాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కొట్టమంటే వాళ్లు కొడతారు. వాళ్లకు ఒక్క పూట శిక్షణ ఇస్తే చాలు. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, అంబాజీపేట పరిశోధన స్థానం మన జిల్లాలకు దగ్గరలోనే ఉన్నాయి, అక్కడి శాస్త్రవేత్తలను అడగవచ్చు. మా నర్సరీకి వస్తే లోపం ఉన్న మట్ట, లోపం లేని మట్ట పక్కపక్కన పెట్టి చూపించడానికి నేను సిద్ధం, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోను.

సంక్రాంతి ముందు మళ్లీ కత్తిరింపు పని మొదలవుతుందని విన్నాను. ఆలోగా ఈ ఉత్తరం అచ్చువేయగలిగితే ఆ డివైడర్ మీది చెట్లకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక నర్సరీ రైతు,
కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా